ఆవాజ్ పెరిగింది, హరఫ్ పోయింది



ముందే మాఫీ అడిగి మొదలుపెడుతున్నా. ఈ మాటలు ఇద్దరికి చేదుగా తగులుతాయి. ఒకరు, బయాన్ అర్థం కాలేదంటే చాలు "ఇంకో రెండొందల వాట్లు పెంచుదాం సాబ్" అనే మన కమిటీ పెద్దలు. ఇంకొకరు, స్పీకర్‌లో వెండి కెపాసిటర్ పెడితే ఆవాజ్‌కు రూహ్ వస్తుందని నమ్మే మన పరదేశీ తమ్ముళ్లు. ఒకరు చందా పైసలు, ఇంకొకరు సొంత పైసలు తగలేస్తున్నారు. ఇద్దరి గల్తీ మాత్రం ఒకటే. పెట్టె తెరిచి కొలవరు.

అబ్బా బత్తలపల్లెలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. ఆయన బతికున్నప్పటి మాట. మా చుట్టుపక్కల ఒక మసీదులో రమజాన్ బయాన్‌కు ఔరతులకు వేరే గది ఇచ్చినారు. మంచి పనే. అమ్మీ వెళ్లి వచ్చింది. "ఏం చెప్పినారు అమ్మీ?" అనడిగితే, "ఏమో బేటా, హజ్రత్ గొంతని తెలుస్తోంది. మాటే తెలీలేదు. అంతా గుయ్‌మని" అనింది.

ఈ శికాయత్ కమిటీకి చేరింది. వాళ్లు చందా వేసి రెండింతల వాట్ల ఆంప్లిఫయర్ తెచ్చినారు. ఇంజనీర్ ఎవరినైనా అడగండి, వాట్లు రెండింతలైతే ఆవాజ్ పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది కొంచెమే. పెరిగింది కూడా గుయ్‌మనే శబ్దమే. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చినారు, బయాన్ మాత్రం అంతకుముందు మాదిరే. "ఔరతులు మాట్లాడుకుంటూ కూర్చుంటే ఎట్ల వినపడుతుంది" అని పైగా ఒక మాట కూడా అనేసినారు. ఆ మాట అమ్మీకి చానా రోజులు గుచ్చుకుంది.

చివరకు అబ్బా పోయి ఆ గదిలోని పెట్టె విప్పినారు. లోపల మాటలకు పెద్ద స్పీకర్, సన్నటి శబ్దానికి చిన్న స్పీకర్. రెండింటి మధ్య అరచేతిలో పట్టే క్రాసోవర్. ఒక కాయిల్, ఒక కెపాసిటర్, అంతే. లావు శబ్దాన్ని కాయిల్ పెద్దదానికి పంపుతుంది, సన్నటిదాన్ని కెపాసిటర్ చిన్నదానికి పంపుతుంది. ఆ కెపాసిటర్ పైన రాసింది 10 మైక్రోఫారడ్. మీటర్ పెడితే చూపింది 4.8.

హిసాబ్ చెప్తా వినండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 10 మైక్రోఫారడ్ పెడితే దాదాపు 2,000 హెర్ట్జ్ దగ్గర చిన్న స్పీకర్ పని అందుకుంటుంది. కెపాసిటర్ సగానికి ఎండిపోతే అది 4,000 హెర్ట్జ్ పైన గానీ అందుకోదు. పెద్ద స్పీకరేమో 2,000 దగ్గరే చేయి వదిలేస్తుంది. నడుమ ఒక లోయ. అచ్చుల బలం ఎక్కువగా 1,000 హెర్ట్జ్ లోపల ఉంటుంది, అదే మనకు వినపడే గుయ్. ఒక హరఫ్‌ను ఇంకో హరఫ్ నుంచి వేరుచేసే సన్నటి భాగం ఎక్కువగా 1,000 నుంచి 4,000 దాకా ఉంటుంది. అంటే షీన్, సీన్, సాద్ తేడాలు తెలియాల్సిన చోటే లోయ పడింది. తజ్వీద్ కోసం ఖారీ సాబ్ ఏళ్ల తరబడి మెహనత్ చేసి మఖ్రజ్ సరిచేసుకుంటే, ఎండిపోయిన ఒక డబ్బీ దాన్ని తుడిచేసింది. నింద మాత్రం ఔరతుల మీద పడింది.

ఎందుకు ఎండింది? చౌక పెట్టెల్లో వేసేది ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్. లోపల తడి ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఉమ్ర్ సగమవుతుందని మెకానిక్‌ల లెక్క. మన అనంతపురం ఎండ, ఆ పైన రేకుల కప్పు, దాని కింద గాలాడని చెక్కపెట్టె. ఎన్నాళ్లు ఉంటుంది?

అబ్బా చేసిన ఇలాజ్ వింటే నవ్వుతారు. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్లు నాలుగు తెచ్చినారు. ఒక్కొక్కటి 2.5 మైక్రోఫారడ్. పక్కపక్కన కలిపితే 10. ఫ్యాన్ కండెన్సర్ పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌తో చేసింది. లోపల తడి లేదు, ఎండేదీ లేదు. ఖర్చు కొన్ని వందలు. తర్వాతి రాత్రి అమ్మీ ఇంటికొచ్చి బయాన్ మొత్తం మాకు తిరిగి చెప్పింది. ఆంప్లిఫయర్ ఆవాజ్ సగానికి తగ్గించి పెట్టినా సరే.

ఇక రెండోవాళ్ల మాట. మా ఖాలా కొడుకు అమెరికాలో ఉంటాడు. వాడి దగ్గర ప్లేనార్ మాగ్నెటిక్ స్పీకర్లు ఉన్నాయి. మిన్నెసోటాలో జిమ్ వైనీ 1969లో పెట్టిన మాగ్నెపాన్ కంపెనీవి. మనిషంత ఎత్తు పలకలు. కాగితం కోన్ ఉండదు. పల్చటి ప్లాస్టిక్ పొరకు సన్నటి తీగ అంటించి అయస్కాంతాల ముందు నిలబెడతారు. పొర మొత్తం కదిలి పాడుతుంది. విన్నవాళ్లు మాషా అల్లా అంటారు, నేనూ ఒప్పుకుంటా. వాడు వాటి క్రాసోవర్‌లో పాత కెపాసిటర్లు తీసేసి, ఇక్కడ ఒక చిన్న నికా జరిగిపోయేంత ఖర్చుతో కొత్తవి వేశాడు. "భాయ్, పరదా తొలగినట్టుంది" అని ఫోన్ చేశాడు.

నేను అడిగింది ఒకటే. "బేటా, పాతవాటిని కొలిచి తీసేశావా?" లేదన్నాడు. అయితే తేడా వెండిది అని ఎట్ల తెలుస్తుంది? ఎండిపోయిన దాన్ని తీసి ఏ మంచిది పెట్టినా పరదా తొలుగుతుంది. మా అబ్బా ఫ్యాన్ కండెన్సర్లతోనే తొలగించినారు.

నిజానికి ఈ బహస్‌కు ప్లేనార్ కంటే మంచి గవాహీ లేదు. మామూలు కోన్ స్పీకర్ ఓమ్‌లు స్వరాన్ని బట్టి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, హిసాబ్ తప్పుతుంది. ప్లేనార్ మాత్రం దాదాపు అన్ని స్వరాలకూ ఒకటే, చానా వాటిలో 4 ఓమ్‌ల దగ్గర. కాబట్టి కాగితం మీద వేసిన హిసాబే చెవికి వినపడుతుంది. 4 ఓమ్‌లకు 2,000 హెర్ట్జ్ దగ్గర కావాల్సింది 20 మైక్రోఫారడ్. కుడి పలకలో 20, ఎడమ పలకలో 17 ఉంటే రెండూ రెండు రకాలుగా పాడతాయి, ఎంత వెండి పూసినా సరే. ఇంకోటి, 4 ఓమ్‌ల ముందు పెట్టిన కాయిల్ తీగకే అర ఓమ్ ఉంటే దాదాపు 1 డెసిబెల్ అక్కడే పోతుంది. అది కొలవగలిగే తేడా. వెండి, బంగారం రేకుల తేడాను కళ్లు మూసి, ఆవాజ్ సమానంగా పెట్టి పరీక్షిస్తే ఎంతమంది పట్టగలరో చూద్దాం రండి అంటే మాత్రం దుకాణం వాళ్లు ముందుకు రారు.

మనం సనద్ అడిగే ఉమ్మత్. రివాయత్ చెప్పినవాడు ఎవరు, ఎవరి దగ్గర విన్నాడు అని మన ముహద్దిసీన్ ఉమ్రంతా తిరిగి తహ్‌కీక్ చేసినారు. పైసలు పెట్టేటప్పుడు మాత్రం సనద్ లేని మాటను ఎట్ల నమ్ముతున్నాం? లౌడ్‌స్పీకర్ కొత్తగా వచ్చినప్పుడు ఉలమా కూడా దాన్ని ఊరికే వదల్లేదు. అందులోంచి వచ్చేది ఇమామ్ అసలు ఆవాజా, లేక దాని నకలా, దాని మీద నమాజ్ జాయిజా అని బహస్ చేసినారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాబ్ ఈ మసలా మీద ప్రత్యేకంగా రిసాలా రాసినారు. వాళ్లు సైన్స్ తెలిసినవాళ్లను కూడా అడిగినారు. ఇల్మ్ అంటే అది. మనమో, డబ్బాపైన వాట్లు చదివి సంతకం పెడతాం.

"అంత బారీకీ మసీదుకెందుకు భాయ్" అంటారా? రెండు జవాబులు. ఒకటి, చందా అమానత్. కొన్ని వందలతో తీరేదానికి వేలు పోస్తే అది ఇస్రాఫ్. ఇచ్చినవాళ్లలో బీడీలు చుట్టే బేవా ఔరతులు కూడా ఉంటారు. రెండోది, కానూన్. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వేరే కట్టడి. 2005 జూలై 18న సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. రేపు ఎవరైనా డెసిబెల్ మీటర్ పట్టుకొని వస్తే, వాట్లు పెంచిన మసీదు జవాబు చెప్పుకోలేదు. తక్కువ ఆవాజ్‌తో ప్రతి హరఫ్ వినిపించే మసీదుకు ఏ ఫిక్ర్ లేదు. పక్కింటి రెడ్డి గారి ముసలమ్మ నిద్ర కూడా మన జిమ్మేదారీయే కదా.

కాబట్టి నా డిమాండ్ చిన్నది. ప్రతి షాబాన్‌లో, రమజాన్‌కు ముందు, హాల్లో, ఔరతుల గదిలో ఉన్న పెట్టెలు విప్పి కెపాసిటర్లు కొలవండి. రాసిన దానికి పదో వంతు తేడా ఉంటే మార్చండి. మీనార్ మీది హారన్‌కు ఇట్లాంటి క్రాసోవర్ ఉండదు, దాన్ని ఇందులోకి లాగొద్దు. కొత్త ఆంప్లిఫయర్ మాట ఎత్తే ముందు ఔరతుల గదిలో ఒక ఆపాను కూర్చోబెట్టి, ఖుత్బాలోని పది మాటలు తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే తప్పు ఆమెది కాదు, మీ పెట్టెది.

తమ్ముడూ, నీ ప్లేనార్ పలకలు నీకు ముబారక్. ఈసారి వెండి కొనే ముందు ఒక మీటర్ కొనుక్కో. మిగిలిన పైసలు ఇటు పంపు, ఇక్కడ చానా గదుల్లో అమ్మీలు ఇంకా గుయ్‌మనే శబ్దమే వింటున్నారు.

దువాల్లో మా అబ్బాను యాద్ చేసుకోండి. వస్సలాం.