తంగేటి పొదను తరలించుట

ఎండకు ఓర్చు మొక్కకు నీరక్కరలేదని యెల్లరును అనుకొందురు. మేమును చాలకాలము అట్లే అనుకొంటిమి. ఆ తలంపు ఎంత పొరపాటో మాకు నేర్పినది మా పెరటిలో ఎండిపోయిన యొక తంగేటి పొద. దానివలన మేము నేర్చిన పాఠమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తంగేడు ఎట్లుండునో మన పల్లెవాసులకు చెప్పనక్కరలేదు. మొరపనేలలలోను, గుట్టల పక్కలను, బాటల ప్రక్కలను ఎవరును నాటకయే మొలచి, బంగారువన్నె పూవులతో నిండియుండు పొద యిది. దీని బెరడు తోళ్లను పదను చేయుటకును, ఆకు వరిమడులలో పచ్చియెరువుగాను, పుల్ల పండ్లు తోముకొనుటకును తరతరములుగా ఉపయోగపడుచు వచ్చినవి. బతుకమ్మను పేర్చు స్త్రీలకు గునుగుపూవును తంగేడుపూవును లేనిదే పండుగ లేదు. 2014వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. దీని పూవులో తేనె లేదు. పుప్పొడి మాత్రమే కలదు. ఆ పుప్పొడియు కొనయందు చిన్న రంధ్రము గల సంచులలో దాగియుండును. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి, పూవును పట్టుకొని, ఝుమ్మని రొద చేయుచు అదరించినప్పుడే అది రాలును. తంగేడున్న పెరటిలో తుమ్మెద పాట వినబడుటకు కారణమిదియే.

ఇట్టి పొదకు మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములు పుట్టినిండ్లు. పెద్ద పెద్ద నల్లరాతి గుండ్లు, వాని నడుమ సీతాఫలపు చెట్లు, తంగేళ్లు, గొఱ్ఱెలు మేయు కంచలు, ఇదియే ఆ ప్రాంతపు పూర్వరూపము. 1998 నవంబరు 22వ తేదీని సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడినది మొదలు ఆ నేల రూపు మారుచు వచ్చినది. హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు లోకమంతయు ఎరిగిన యీ నగరభాగమున నేడు వేలకొలది కుటుంబములు మేడలలో నివసించుచున్నవి. ఆ మేడలవలన మనవారికి అన్నము దొరకినది. దానిని మేము కాదనము. అయితే కంచ యనగా పనికిమాలిన బంజరని తలచుట మాత్రము మాకు సమ్మతము కాదు. 2025వ సంవత్సరమున కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల విషయమై గొప్ప వివాదము పుట్టి, ఏప్రిలు 3వ తేదీని సుప్రీంకోర్టు అచ్చటి చెట్లను కొట్టుట నిలిపివేయవలెనని ఉత్తరువు చేసినప్పుడు, ఆ పొదలకును విలువ కలదని చాలమందికి మొదటిసారిగా తోచినది.

ఇక మా కథ. కొన్ని యేండ్ల క్రిందట కొండాపురమునకు సమీపమున ఒక స్థలమును ఇండ్ల కొరకు చదును చేయబోవుచుండిరి. అందు నిలువెత్తు తంగేడు ఒకటి నిండుగా పూచియుండెను. యంత్రము పాలగుటకంటె మా పెరటిలో నుండుట మేలుగదా యని తలచి, కావలివాని నడిగి, గునపముతో దానిని పెకలింపబూనితిమి. అది మే నెల. రెండు గంటలు త్రవ్వినను వేరు కొన కనబడలేదు. అది రెండు బండల నడిమి నెఱ్ఱెలో దిగిపోయియుండెను. విసిగి, గొడ్డలితో నరికి, పొదను బండిపై వేసికొని వచ్చి నాటితిమి. రెండు దినములు నీరు పోసితిమి. పిదప "ఇది తంగేడు గదా, ఎండకు పుట్టినది, ఓర్చుకొనును" అని ఊరకుంటిమి. వారము తిరుగునప్పటికి ఆకు రాలెను. పక్షము దినములకు కొమ్మ పట్టుకొన్న పుటుక్కున విరిగెను.

మా వీథిలో ఇల్లు కట్టు పనికి పాలమూరు వైపునుండి వచ్చిన వృద్ధురాలొకతె దానిని చూచి, "సారూ, దాని తల్లివేరు ఆడనే ఉండిపాయె. ఇంక దేనితోని బతుకుతది?" అని యడిగెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వృక్షశాస్త్ర పాఠము ఎట్లు చెప్పవలెనో నేర్చికొని వచ్చిన మాకు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకలేదు.

ఆమె మాటలోనే విషయమంతయు ఉన్నది. తంగేటికి ఓర్పు ఆకులోనో కొమ్మలోనో లేదు. అది ముఖ్యముగా తల్లివేరులో ఉన్నది. పైనేల ఎండినప్పుడు లోపలి తేమను వెదకి తెచ్చుకొనునది ఆ వేరే. మనము పొదను పెకలించునప్పుడు ముందుగా తెంచునది దానినే. దేనిచేత ఆ మొక్క కరవును జయించుచున్నదో దానిని మనమే నరికి, పిదప "కరవునకు ఓర్చు మొక్కకు నీరెందులకు?" అని యడుగుట న్యాయమా? నాటిన మొదటి యేడు తంగేడును మల్లెవలెనే లేతది. క్రొత్త వేరు లోతునకు దిగువరకు దాని కరవును మనము మోయవలెను.

కావున మా యభిప్రాయమిది: పెరిగిన పొదను తేవలదు; విత్తనమును తెండు. యంత్రము రానున్న స్థలములో తంగేడు కనబడినయెడల దాని కాయలు కోసికొని వచ్చిన చాలును. ఒక్కొక్క కాయలో పదికి తక్కువ కాకుండ గింజలుండును. ఒక పొదను చంపి తెచ్చుటకంటె నూరు పొదలను బ్రతికించుకొనుట మేలుగదా.

మేము తరువాత చేసి ఫలమొందిన విధము చెప్పెదము. కాయలెండి గోధుమవన్నెకు తిరిగిన పిదప గింజలు తీసి దాచితిమి. వాని పైపొర మిక్కిలి గట్టిది. కావున కాగి దింపిన వేడినీటిలో వేసి, ఆ నీరు చల్లారి తెల్లవారువరకు నాననిచ్చితిమి. మాఘ ఫాల్గుణములలో లోతైన సంచులలో ఎఱ్ఱమన్నును ఇసుకను కలిపి నింపి విత్తితిమి. సంచి లోతుగా నుండవలెను. ఏలయన లోతు లేని సంచిలో వేరు చుట్టలు చుట్టుకొనును. మృగశిర కార్తెలో వానలు పడి నేల చల్లబడినప్పుడు జానెడు మొక్కలను నాటితిమి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట చాలును. సంచిని కత్తితో చీల్చి తీయవలెనే కాని మొక్కను పట్టి లాగరాదు. వేళ్లకు అంటియున్న మన్ను చెదరరాదు. సాయంకాలమున నాటి, పాదు చేసి, నీరు పోసి, ఎండుటాకులు కప్పవలెను. వాన లేనప్పుడు నాలుగు దినములకొకసారి, మొదటి వేసవిలో వారమునకొకసారియైనను, నేల లోపలికి ఇంకునట్లు నిండుగా పోయవలెను. దినదినము గరిటెడు పోసినచో వేరు పైననే తిరుగును, లోపలికి దిగదు. మొక్క చుట్టును నీరు నిలువరాదు. తంగేడు ఎండకు ఓర్చును గాని బురదకు ఓర్వదు. రెండవ యేటనుండి దాని దారిన దానిని విడువవచ్చును.

క్రొత్త యిండ్ల పెరళ్లలో మరియొక చిక్కు కలదు. పైన నాలుగంగుళముల మంచి మన్ను పరచియుండును. దాని క్రింద సిమెంటు పెల్లలు, ఇటుక ముక్కలు. వానిని తీసివేయనిదే వేరు దిగదు. పెద్ద మేడలలో బండ్లు నిలుపు నేలమాళిగ కప్పుమీదనే తోటలు వేయుచున్నారు. అచ్చటి మన్ను ఎంత లోతున్నదో ముందుగా అడిగి తెలిసికొనవలెను. రెండడుగుల క్రింద కప్పు తగులు చోట నాటిన తంగేడు తంగేడే గాని, కరవునకు ఓర్చు తంగేడు కాదు. దానికి ఎల్లప్పుడును నీరు పోయవలసినదే.

"రోడ్డు ప్రక్క పొదకు ఇంత శ్రమ యెందుకు? పచ్చిక పరచుకొన్న అందముగా నుండదా?" అని కొందరు అడుగవచ్చును. 2024వ సంవత్సరపు వేసవిని వారు మరువకుందురు గాక. ఆ యేడు ఈ ప్రాంతమున బోరుబావులెండి, గొప్ప జీతగాండ్రును పేదవారును ఒక్కరీతిగా నీటి ట్యాంకరు కొరకు ఎదురుచూచిరి. గోలకొండకు ఒకప్పుడు మంచినీరిచ్చిన దుర్గము చెరువు చుట్టును నేడు మేడలే ఉన్నవి. నగరము త్రాగు నీటిలో పెద్దపాలు కృష్ణా గోదావరులనుండి నూరు కిలోమీటర్లకు మించిన దూరము ఎత్తిపోసి తెచ్చుచున్నది. అట్టి నీటిని పచ్చికకు ఏండ్ల తరబడి పోయుటకంటె తంగేటికి ఒక్క యేడు పోయుట వివేకము కాదా?

ఈ సంగతి వ్రాయుచుండగా మా తలంపు తరగతి గదివైపునకు మరలుచున్నది. మేడలు కట్టుటకు వచ్చిన కూలివారి పిల్లలు కొందరు ఏటేట నడుమ నెలలలో బడిలో చేరుదురు. "వారు కష్టములకు అలవాటుపడినవారు, ఎట్లైనను ఓర్చుకొందురు" అని మనమందుము, మేమును అంటిమి. కాని వారి యోర్పుకు వేరు వారి యూరిలో, అవ్వతాతల యొద్ద, తోడి పిల్లల నడుమ నుండిపోయినది. ఇచ్చటి నేలలో వేరు దిగువరకు, ఒక యేడైనను, వారి ప్రక్కన కూర్చుండి పలకరించు స్నేహితుడును, తప్పినప్పుడు ఓపికతో మరల చెప్పు ఉపాధ్యాయుడును వారికి కావలెను. గట్టివారని చెప్పి నీరు మానివేయుట మొక్కవిషయమున ఎంత తప్పో వీరివిషయమున అంతకంటె తప్పు.

మా పెరటి తంగేడునుండి కోసిన గింజలు మా యొద్ద కలవు. అడిగిన విద్యార్థికి పదేసి చొప్పున ఇచ్చెదము. అయితే నియమమొకటి కలదు: మొదటి వేసవి సెలవులలో దానికి నీరు పోయువారెవరో ముందుగా మాకు చెప్పి మరీ తీసికొనిపోవలెను.