ఓడ ఆగదు... పాలసీ ఆదుకోవాలి!

క్రూయిజ్ అంటే ఒకప్పుడు సినిమాల్లో చూసి ఆనందించే ముచ్చట. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ల ఫొటో ఆల్బమ్‌లలోకీ వచ్చేసింది. సింగపూర్‌లో ఓడ ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి వస్తున్నవాళ్లున్నారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలైతే ఫ్లోరిడా నుంచి బహమాస్‌కో, సియాటెల్ నుంచి అలాస్కాకో వెళ్లొస్తున్నారు. టికెట్లు, వీసా, సూట్‌కేసులు... అన్నీ నెలల ముందే సిద్ధం. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏది చవగ్గా వస్తే అది’ అనేస్తారు. విమానంలో వెళ్లి విమానంలో వచ్చే ప్రయాణానికి ఆ పాలసీ సరిపోతుందేమో కానీ, ఓడ ప్రయాణానికి చాలకపోవచ్చు. ఎందుకో చూద్దామా!

నడిసముద్రంలో నొప్పొస్తే...

పెద్ద ఓడల్లో డాక్టరు, నర్సులు, చిన్నపాటి వైద్యశాల ఉంటాయి. జ్వరం, వాంతులు, చిన్న గాయాల వరకూ ఫరవాలేదు. గుండెపోటో, పక్షవాతమో అయితే అక్కడ చేసేది ప్రాణం నిలిపే ప్రథమ చికిత్సే. ఆ తర్వాత రోగిని దగ్గర్లోని రేవులో దించాలి. తీరం అందుబాటులో ఉంటే హెలికాప్టర్‌లో తరలించాలి. అక్కడి నుంచి మంచి ఆసుపత్రికి ఎయిర్ అంబులెన్స్ కావాలంటే ఖర్చు దూరాన్ని బట్టి వేల డాలర్లలో మొదలై లక్ష కూడా దాటొచ్చు.

కాబట్టి పాలసీలో మొదట వెతకాల్సింది ‘మెడికల్ ఎవాక్యుయేషన్’, అంటే అత్యవసర తరలింపు ఉందా, ఎంత వరకు అన్నది. చాలా పాలసీల్లో ఈ ఖర్చు వైద్యానికిచ్చే మొత్తంలోనే కలిసి ఉంటుంది. 50,000 డాలర్ల పాలసీలో తరలింపే 40,000 తినేస్తే, ఆసుపత్రికి మిగిలేది 10,000. అమెరికా చుట్టుపక్కల ప్రయాణానికైతే కనీసం లక్ష డాలర్ల పాలసీ ఉండటం మేలు. అరవై దాటినవారికి కొన్ని పాలసీలు ఒక్కో చికిత్సకు ఇంతేనని విడిగా పరిమితి పెడతాయి. పైన లక్ష అని ఉన్నా లోపల ఆ సబ్‌లిమిట్ ఎంతో చూడాలి.

ఓడలో వైద్యం ఉచితమనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు. ఆ బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది. దిగేలోపు మీరే కట్టి, ఇంటికొచ్చాక క్లెయిమ్ చేసుకోవాలి. అందుకే డాక్టరు రాసిన నివేదిక, ప్రతి రసీదూ భద్రం. మనం ఇక్కడ కడుతున్న మామూలు ఆరోగ్య బీమా సాధారణంగా దేశం దాటితే పనిచేయదన్నదీ గుర్తుంచుకోవాలి.

‘షుగర్ లేదని రాసేద్దాం సార్!’

అసలు చిక్కంతా ఇక్కడే. నాన్నగారికి పదేళ్లుగా బీపీ. అమ్మకు షుగర్. ఫారంలో ‘ముందు నుంచీ జబ్బులున్నాయా?’ అన్న ప్రశ్న వస్తుంది. ‘ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, లేదని పెట్టేద్దాం’ అంటారు కొందరు ఏజెంట్లు. మనమూ తలూపుతాం. మిగిలేది నాలుగైదు వేలు.

తర్వాత ఏమవుతుంది? ఓడలో ఛాతీ నొప్పి వస్తుంది. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేదే ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని. పక్కనున్నవారు నిజమే చెబుతారు, చెప్పాలి కూడా. అది కేసు షీట్‌లోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలించే కంపెనీ ఆ కాగితాన్నీ, మీ ఫారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అంతే... దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఏజెంటు చెప్పాడంటే కుదరదు, సంతకం మీది. కొన్ని వేల కోసం పిల్లలు ఏళ్ల తరబడి తీర్చాల్సిన అప్పు మీదపడుతుంది.

ఉన్నది ఉన్నట్టు రాసినా పాలసీ వస్తుంది. కాకపోతే కొన్ని కంపెనీలు పాత జబ్బుల్ని పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయ స్థితిలో మాత్రం కొంత మొత్తం వరకు ఇస్తాయి. ఆ రెండో రకం పాలసీకి వెయ్యి రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోవడం తెలివైన పని. అమెరికాలో నివసిస్తున్నవారు అక్కడి పాలసీ కొంటుంటే మరో సంగతి. క్రూయిజ్‌కు తొలి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపు పాలసీ తీసుకుంటే, పాత జబ్బుల మినహాయింపును ఎత్తేసే కంపెనీలు అక్కడ ఉన్నాయి.

ఓడ వెళ్లిపోతే?

విమానం తప్పితే తర్వాతి విమానం ఉంటుంది. ఓడ తప్పితే? 2024 మార్చిలో ఆఫ్రికా పక్కనున్న సావో టోమే దీవిలో ‘నార్వీజియన్ డాన్’ ఓడ ఆగింది. సొంత ఏర్పాట్లతో ఊరు చూడటానికి వెళ్లిన ఎనిమిదిమంది ప్రయాణికులు ఆలస్యంగా తిరిగొచ్చారు. ఓడ ఇంకా కనిపిస్తూనే ఉన్నా ఎక్కించుకోలేదు. దేశాలు దాటుకుంటూ వెంటపడితే చివరికి సెనెగల్‌లో అందింది!

చూడటానికి వెళ్లి ఆలస్యమైతే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. విమానం ఆలస్యమై ఓడ తప్పితే మాత్రం, తర్వాతి రేవుకు చేరుకునే ఖర్చు ఇచ్చేవి ఉన్నాయి. ‘మిస్డ్ డిపార్చర్’, ‘మిస్డ్ కనెక్షన్’ అన్న మాటలు పాలసీలో వెతకండి. ఎన్ని గంటల ఆలస్యానికి వర్తిస్తుందో కూడా చూడండి. అన్నిటికన్నా చవకైన బీమా ఇంకోటుంది. ఓడ బయల్దేరే ఊరికి ఒకరోజు ముందే చేరుకోవడం!

పటంలో ప్రతి రేవూ ఉందా?

పాలసీలు ప్రాంతాల వారీగా అమ్ముతారు. ‘అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా’ అన్న పాలసీతో అలాస్కా వెళితే అది ఉన్నా లేనట్టే. అమెరికాకని తీసుకున్న విజిటర్ పాలసీ బహమాస్‌లో ఎంతవరకు చెల్లుతుందో అడిగి తెలుసుకోవాలి. మధ్యధరా సముద్రంలో తిరిగే ఓడకు షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది వీసా ఇవ్వడానికి సరిపోయే మొత్తం, మన అవసరానికి సరిపోతుందని కాదు. ఓడ ఆగే రేవులన్నీ ఓ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ పాలసీలో ఉందో లేదో సరిచూసుకోండి.

మానుకోవాల్సి వస్తే...

బయల్దేరే తేదీ దగ్గరపడేకొద్దీ క్రూయిజ్ కంపెనీలు తిరిగిచ్చే సొమ్ము తగ్గిపోతుంది. చివరి రోజుల్లో సున్నా! జబ్బు చేసినా, దగ్గరివారు పోయినా పాలసీ ఆదుకోవచ్చు. మనసు మారిందంటే మాత్రం మామూలు పాలసీ ఇవ్వదు. వీసా రాకపోతే ఇచ్చేవీ తక్కువే. డబ్బు కట్టిన వెంటనే పాలసీ కొంటేనే ఈ రక్షణ ఎక్కువ రోజులు ఉంటుంది. ఓడలో అంటువ్యాధి వస్తే ఏమిటన్నదీ అడగాలి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామాలో ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడలో 3,711 మంది చిక్కుకుపోయారు. 700 మందికి పైగా కరోనా సోకింది. వారిలో మనవాళ్లూ ఉన్నారు. క్వారంటైన్ ఖర్చులు ఎవరివన్నది అప్పటి నుంచే అందరికీ గుర్తొస్తోంది.

మద్యం మత్తులో జరిగిన ప్రమాదాలకు సాధారణంగా సొమ్ము రాదు. స్కూబా లాంటి సాహసాలకు విడిగా అనుమతి ఉందేమో చూసుకోండి.

పెట్టెలో కాదు, జేబులో

పాలసీ నంబరు, ఇరవై నాలుగు గంటల సహాయ కేంద్రం ఫోను, వాడే మందుల పేర్లు... మూడూ ఒక చిన్న కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచండి. ఒకటి పిల్లలకివ్వండి. అవసరం పడితే ముందు ఆ కేంద్రానికే ఫోన్ చేయించాలి. వాళ్ల అనుమతి లేకుండా సొంతంగా ఏర్పాటు చేసుకున్న ఎయిర్ అంబులెన్స్ ఖర్చు చాలా కంపెనీలు ఇవ్వవు.

మన దేశంలో కొన్న పాలసీ విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది, ఫీజు లేదు. కానీ అక్కడా మొదట చూసేది మీరు నింపిన ఫారమే. అందుకే దాన్ని ఏజెంటు చేతికి వదిలేయకుండా అమ్మానాన్నల పక్కన కూర్చుని, మందుల డబ్బా ఎదురుగా పెట్టుకుని నింపండి. పట్టేది అరగంటే!