వినేవారి గోడు

పామర్రు నాలుగు రోడ్ల కూడలి. ఒక దారి బెజవాడకి, ఒకటి బందరుకి, ఒకటి గుడివాడకి. ఇంకోటి కూచిపూడి మీదుగా చల్లపల్లి, అవనిగడ్డ వైపు. ఒంట్లో బాగాలేకపోతే ఎటు వెళ్లాలో ఇక్కడివాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. మనసు బాగాలేకపోతేనే తర్జనభర్జన. ముందు తాయెత్తు. తర్వాత ఆర్‌ఎంపీ ఇచ్చే నిద్రమాత్ర. ఆఖరికి ఎవరో తెలిసినవాళ్లు చెబితే బెజవాడలోనో బందరులోనో ఉన్న సైకియాట్రిస్టు. అదీ గుట్టుగా! దారిలో ఎవరైనా ఎదురై ‘ఎక్కడికి?’ అంటే ‘కళ్లు చూపించుకోవడానికి’ అనేస్తారు.

అలా వెళ్లినవాళ్లు ఆ గదిలో ఏం చెబుతారు? చెరువులో రొయ్య పోయి అప్పు మిగిలిందని. అమెరికా వెళ్లిన కొడుకు ఫోన్ చేయడం లేదని. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని. బతకాలనిపించడం లేదని. ఒకరు లేవగానే ఇంకొకరు. అందరి బరువూ ఆ బల్ల మీద దింపుకుని వెళ్తారు. మరి సాయంత్రం బల్ల అవతల మనిషి దాన్ని ఎక్కడ దింపుకోవాలి?

ఇంటికే తీసుకెళ్తాడు. మొదట నిద్ర చెడుతుంది. తర్వాత ఇంట్లో పిల్లలు నోరు తెరిస్తే విసుగు. ఆ తర్వాత అసలు ప్రమాదం మొదలవుతుంది. పేషెంటు సగం చెప్పేసరికే చెయ్యి మందుల చీటీ మీదకి వెళ్లిపోతుంది. బర్నౌట్ అని దీనికి ఇంగ్లిషు పేరు. మానసిక వైద్యుడు ‘నాకే బాగాలేదు’ అంటే లోకం ఏమనుకుంటుంది? అందుకని అనడు. పోనీ పని తగ్గించుకుందామన్నా కుదరదు. 2015-16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 12 రాష్ట్రాలను చూసింది. సైకియాట్రిస్టులు అందరికన్నా ఎక్కువగా ఉన్న కేరళలోనే లక్షమందికి 1.2 చొప్పున లెక్క తేలింది. మధ్యప్రదేశ్‌లో 0.05!

ఇలాంటివాళ్ల కోసమే కొన్ని దేశాల్లో మౌన శిబిరాలు నడుస్తున్నాయి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, మందులతో తగ్గని నొప్పులవాళ్లకి ధ్యానం నేర్పడం మొదలుపెట్టాడు. మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట ఆసుపత్రుల్లోకి వచ్చింది అక్కడి నుంచే. ఆ పద్ధతిని ఇంకొకరికి నేర్పాలనుకునే డాక్టరైనా, సైకాలజిస్టైనా ముందు తాను కొన్ని రోజులు నోరు కట్టుకుని శిబిరంలో కూర్చుని రావాలి. ఈత రానివాడు ఈత నేర్పకూడదు కదా!

తమాషా ఏమిటంటే ఈ విద్య మనకేం కొత్త కాదు. శ్వాసను గమనించడాన్ని బౌద్ధులు ఆనాపానసతి అన్నారు. పామర్రు నుంచి చల్లపల్లి దారి పట్టి ఆ పక్కనే ఉన్న ఘంటసాల వెళ్తే బౌద్ధ స్తూపం కనిపిస్తుంది. ఆ భిక్షువులు పోయారు, విద్య బర్మాలో మిగిలింది. అక్కడే పుట్టి పెరిగిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన తలనొప్పితో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్లాడు. విపశ్యన నేర్చుకుని 1969లో భారతదేశానికి తెచ్చాడు. 1976కల్లా హైదరాబాదులో ధమ్మఖేత్త కేంద్రం వెలిసింది.

పామర్రు నుంచి అంత దూరం కూడా పోనక్కర్లేదు. గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం వెళ్తే, ఆ దగ్గర్లోని కుముదవల్లిలో ధమ్మరామ కేంద్రం ఉంది. ఏలూరు దగ్గర విజయరాయిలో ఇంకొకటి. ఇవి మానసిక వైద్యులకని పెట్టినవి కావు. డాక్టరు పక్క ఆసనం మీద రైతు ఉండొచ్చు, బ్యాంకు గుమస్తా ఉండొచ్చు. ఒక రకంగా అదే మంచిది. అక్కడ ఎవరూ ‘డాక్టరుగారూ’ అనరు. అసలు మాట్లాడితే కదా!

పది రోజుల మౌనం. ఫోన్ ఇచ్చేయాలి. పుస్తకం, కలం కూడా ఉండవు. తెల్లవారుజామున 4 గంటలకి గంట మోగుతుంది. రాత్రి 9.30కి దీపాలు ఆర్పేస్తారు. రోజుకి సుమారు పది గంటలు కూర్చోవాలి. పదకొండు గంటలకే మధ్యాహ్న భోజనం. సాయంత్రం అయిదింటికి కొత్తవాళ్లకి టీ, ఏదో కాస్త పండు. రాత్రి భోజనం మాట మరిచిపోవాలి. రుసుము లేదు. పూర్తి చేసినవాళ్లు తర్వాత తోచింది ఇవ్వొచ్చు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడాన్ని గమనించడమే పని. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా పరికించడం. నొప్పి వస్తే నొప్పిని, దురద వస్తే దురదని ఊరికే చూస్తూ ఉండాలి.

సైకియాట్రిస్టుకి ఇది మామూలు మనిషి కంటే కష్టమేమో! జీవితమంతా పేర్లు పెట్టడం అలవాటైన బుర్ర. ఒక దిగులు వస్తే చాలు, అది ఏ జబ్బు లక్షణమో చెప్పేస్తుంది. పక్కవాడు కాళ్లు కదిపినా దానికో పేరు పెడుతుంది. కాసేపు పేరు పెట్టకుండా ఊరుకోవడమే ఇక్కడి కసరత్తు. గదిలో పేషెంటు ఏడుస్తున్నప్పుడు తొందరపడి మాటలతో ఆపేయకుండా కూర్చోగలగడానికి పనికొచ్చేది ఆ అలవాటే.

‘డాక్టరు ధ్యానం చేస్తే రోగికేంటి లాభం?’ అని అడగొచ్చు. 2007లో జర్మనీలో గ్రెప్‌మైర్, ఆయన సహచరులు అచ్చంగా ఇదే పరీక్షించారు. శిక్షణలో ఉన్న 18 మంది థెరపిస్టుల్లో కొందరి చేత ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు జెన్ ధ్యానం చేయించారు. రోగులు 124 మంది. తమ థెరపిస్టు ధ్యానం చేస్తున్నదీ లేనిదీ వాళ్లకి తెలియదు. అయినా ధ్యానం చేసినవారి దగ్గరున్న రోగులే ఎక్కువ కోలుకున్నారు. చిన్న అధ్యయనమే, దీన్ని పట్టుకుని గంతులేయక్కర్లేదు. కానీ కొట్టిపారేయడానికీ లేదు.

అలాగని అందరినీ శిబిరానికి తరిమేయకూడదు. పది రోజులు నోరు మూసుకుని కూర్చుంటే అణిచిపెట్టిన భయాలు పైకి రావచ్చు. ధ్యానంలో కొందరికి ఆందోళన, నిద్రలేమి, అంతకన్నా తీవ్రమైన ఇబ్బందులూ ఎదురవుతాయని అమెరికాలో లిండాల్, బ్రిటన్ 2017లో వివరంగా రాశారు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవారికి ఇది తగదని విపశ్యన కేంద్రాలే చెబుతాయి. దరఖాస్తులోనే జబ్బులు, మందుల వివరాలు అడుగుతాయి. చిక్కంతా అక్కడే వస్తుంది. రోగుల దగ్గర నిజం రాబట్టే డాక్టరే ఆ గడి దగ్గరకొచ్చేసరికి ‘లేవు’ అని రాసేస్తే? డిప్రెషన్‌తో ఉన్న డాక్టరుకి ముందు కావలసింది ఇంకో డాక్టరు. శిబిరం తర్వాతి మాట.

ఇళ్లలోవాళ్లకీ ఒక మాట. ‘డాక్టరే ధ్యానానికి వెళ్తున్నాడు, మనకెందుకీ మాత్రలు?’ అని మానేయకండి. డాక్టరు ఊళ్లో లేని రోజుల్లో మందుల చీటీ ఎవరికి చూపించాలో ముందే అడిగి పెట్టుకోవాలి. మరీ తోచకపోతే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు.

పదో రోజు మౌనం విప్పుతారు. మర్నాడు ఫోన్ చేతికొస్తుంది, వెనకే అందుకోని కాల్స్ అన్నీ. తిరుగు బస్సు కైకలూరు దాటేలోపే సగం ప్రశాంతత కరిగిపోవచ్చు. ఇంటి దగ్గర రోజూ పొద్దున, సాయంత్రం గంటేసి కూర్చోమని చెప్పి పంపుతారు గానీ, క్లినిక్ నడిపే మనిషికి అది అయ్యే పనేనా! చాలామందికి చివరికి మిగిలేది ఒక పేషెంటు వెళ్లాక, ఇంకొకరు వచ్చేలోపు దొరికే ఒక్క నిమిషం. కలం పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, నాలుగు ఊపిరులు గమనించి, అప్పుడు బెల్లు కొట్టడం.

బయట బెంచీ మీదవాళ్లు మాత్రం డాక్టరుగారు టీ తాగుతున్నారనుకుంటారు.