మేజర్ల ప్రణాళిక

వయసులో, ఆస్తిలో తేడా ఉన్న ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లి చేసుకోవడాన్ని ఏ చట్టమూ తప్పు పట్టదు. తప్పు పట్టేది ఇల్లు, కులపెద్దలు, పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ పేరుతో జరిగే పంచాయితీ. ఈ ప్రణాళిక శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో బతుకుతున్న అలాంటి జంటలది. భర్త కంటే భార్య పెద్దదైన జంటలు, భూమి గల ఇంటి బిడ్డ కూలి ఇంటి పిల్లగాణ్ని చేసుకున్న జంటలు, రెండు తేడాలూ ఒకేచోట ఉన్న జంటలు దీని మీద సంతకం చేశాయి.

దీనికి కారణం ఒక ఫంక్షన్ హాల్. ముప్పై ఎనిమిదేళ్ల వితంతువు, ఇరవై తొమ్మిదేళ్ల జేసీబీ డ్రైవర్ తమ పెళ్లికని హాలు మాట్లాడుకున్నారు. లగ్నానికి వారం ముందు యాజమాన్యం అడ్వాన్సు వాపసిచ్చింది. ‘పెద్దమనుషులు వద్దంటున్నరు’ అన్నదొక్కటే చెప్పిన కారణం. తర్వాత ఆ పెద్దమనుషులే ఇద్దరినీ పిలిపించారు. ఆమెను ‘తమ్ముని వయసోడే దొరికిండా’ అని, అతన్ని ‘భూమి జూసి పడ్డవా’ అని అడిగారు. చనిపోయిన భర్త వాటాగా వచ్చిన రెండెకరాలు మరిది పేర రాసిస్తే ఎవరిని చేసుకున్నా అడ్డం రామని కూడా ఆ కూర్చున్నచోటే చెప్పారు. తొమ్మిదేళ్ల తేడాకు రెండెకరాలు ధర కట్టిన ఆ పంచాయితీని ఈ జంటలు మరిచిపోలేదు, మరిచిపోవు.

శామీర్‌పేటలో ఇప్పుడున్న తరగతి తేడా పాత గడీల నాటిది కాదు. రాజీవ్ రహదారి వెంట రియల్ ఎస్టేట్, ఔటర్ రింగ్ రోడ్డు, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చాక పుట్టింది. భూమి ముందే అమ్ముకున్నవాడు అదే భూమిలో లేచిన ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్ అయ్యాడు. అమ్మకుండా ఆగినవాడు కోటీశ్వరుడయ్యాడు. ఒకే వాడలో పుట్టి, ఒకే సర్కారు బడిలో చదివిన ఇద్దరి మధ్య ఇప్పుడు గేటు, గేటు మీద సీసీ కెమెరా ఉన్నాయి. పెద్ద ఇంటి బిడ్డ పేద ఇంటి పిల్లగాడితో వెళ్లిపోతే అతని మీద కిడ్నాప్ కేసు, బంగారం ఎత్తుకుపోయారన్న ఫిర్యాదు పెట్టడం అందరికీ తెలిసిన పద్ధతే.

వయసు తేడాకు ఈ సమాజం ఎన్నడూ భయపడలేదు. మేనమామకు మేనకోడలిని ఇచ్చేటప్పుడు పదిహేనేళ్ల తేడాను ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే ఆస్తి ఇంట్లోనే ఉంటుంది. పసిపిల్లను ముసలివాడికి అమ్మే ఆచారం మీద గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. దాదాపు వందేళ్ల తర్వాత, 1991లో, హైదరాబాద్ పాతబస్తీకి చెందిన పదేళ్లు దాటీదాటని బాలికను అరవై ఏళ్ల సౌదీ వరుడు పెళ్లి పేరుతో తీసుకుపోతుండగా విమానంలో ఒక ఎయిర్‌హోస్టెస్ గుర్తించి అడ్డుకుంది. ఈ పెళ్లిళ్లలో వయసులోనూ తరగతిలోనూ ఎడమే, అయినా పెద్దలు దగ్గరుండి జరిపించారు. పెద్దలు కుదిర్చితే నలభై ఏళ్ల తేడా సంబంధం, ఇద్దరు మేజర్లు కోరుకుంటే తొమ్మిదేళ్ల తేడా సిగ్గుచేటు! అభ్యంతరం ఎన్నడూ తేడా మీద కాదు, ఎంచుకున్నది ఎవరన్న దాని మీద.

అందుకే ఈ జంటలు తమ హద్దును తామే గీసుకున్నాయి. మైనరుతో ప్రేమ అనేది లేదు, అది నేరం. దొరల గడీల్లో దొరబిడ్డతో పాటు అత్తింటికి పంపిన ఆడబాపల బతుకు తెలంగాణకు తెలుసు. అక్కడ ‘కాదు’ అనే హక్కు లేదు కాబట్టి ‘ఔను’ అన్న మాటకూ విలువ లేదు. ఈనాటి ఫామ్‌హౌస్‌లో, ఆఫీసులో, లేబర్ క్యాంపులో జీతమిచ్చేవాడు పనిమనిషిని లొంగదీసుకుని దానికి ప్రేమ అని పేరు పెడితే ఈ ప్రణాళిక అతనికి అండ కాదు. కాదన్నా కూడు పోని చోటే ప్రేమ ప్రేమ అవుతుంది.

ఈ జంటల ప్రధాన డిమాండ్ ఒక్కటే: 1954 ప్రత్యేక వివాహ చట్టంలోని ముప్పై రోజుల నోటీసు పోవాలి. ఈ చట్టం కింద పెళ్లికి ముందుగా వివాహాధికారికి నోటీసివ్వాలి. ఆయన దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటించాలి. ముప్పై రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అయితే ఏ అభ్యంతరం? ఇద్దరిలో ఎవరికైనా బతికున్న భార్యో భర్తో ఉన్నారా, సమ్మతి చెప్పగల మానసిక స్థితి ఉందా, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాయా, నిషిద్ధ బంధుత్వం ఉందా అన్నవే చట్టం అడిగేవి. వధువు పెద్దదని, వరుడు కూలివాడని చెప్పే అభ్యంతరానికి అందులో చోటు లేదు. వయసు, బంధుత్వం కాగితాల్లో తేలతాయి, వాటికి నోటీసు అంటించే గోడ అక్కర్లేదు. ఆ గోడ ఉపయోగపడేది చట్టం గుర్తించని అభ్యంతరం ఉన్నవాళ్లకే. హాలు దొరకని పై జంట ఈ చట్టం కిందే నోటీసిచ్చింది. పొద్దున అంటించిన కాగితం ఫొటో సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. రాత్రి మరిది మనుషులు వాకిట్లో ఉన్నారు.

నోటీసు లేకపోతే రెండో పెళ్లివాళ్లు మోసం చేస్తారని ఒక వాదన ఉంది. 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్లాడి రిజిస్టర్ చేసుకునేవారికి ఈ ముప్పై రోజులు లేవు. ఆర్యసమాజ్‌లో పొద్దున పెళ్లాడినవారిని ముందుగా గోడకెక్కించాలని ఎవరూ అడగరు. మోసానికి శిక్ష రెండు చోట్లా ఒకటే. మతం లేకుండానో, మతం దాటో పెళ్లి చేసుకునేవారే ఎందుకు గోడకెక్కాలి? అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో ఈ నోటీసును ప్రచురించాలా వద్దా అన్నది జంట ఇష్టమని తేల్చింది. వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రమూ చట్టాన్ని సవరించుకోవచ్చు. తమిళనాడు 1967లోనే హిందూ వివాహ చట్టాన్ని సవరించి, పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చింది. త్రిపురనేని రామస్వామి పెళ్లి తంతును తెలుగులో ‘వివాహ విధి’గా రాసిన తెలుగు నేల మీద ఆ పాటి సవరణకు ఇంకెన్నేళ్లు కావాలి?

ఆలస్యానికి లెక్క ప్రాణాల్లో ఉంది. 2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో, ఇద్దరు మేజర్ల పెళ్లికి కుటుంబం, కులం, పంచాయితీ సమ్మతి అక్కర్లేదని చెప్పింది. జిల్లాకో ప్రత్యేక విభాగం, ఆపదలో ఉన్న జంటలకు సురక్షిత గృహాలు ఉండాలని చెప్పింది. ఆరు నెలలు తిరక్కుండా, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి బయట గర్భవతి అయిన భార్య కళ్లముందే భర్తను నరికించారు. అతను దళితుడు, ఆమె తండ్రి పేరున్న వ్యాపారి. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. తీర్పు వచ్చింది, మనిషి రాలేదు. పరువు ప్రాణం కంటే పెద్దదన్న వాడితో ఈ జంటలకు రాజీ లేదు. రేపటి తెలంగాణలో పెళ్లికి పట్టా పాసుపుస్తకం, పుట్టిన సంవత్సరాల తేడా, కులం సర్టిఫికెట్ సాక్షులుగా రావు. ఇద్దరి మాటే సాక్ష్యం.

ఈ జంటలు కట్టుబడిన సూత్రాలు ఇవి:

1. మేజర్ అంటే మేజరే. స్త్రీ పెద్దదైనా, పురుషుడు పేదైనా అంతే.

2. మేజర్ల వాంగ్మూలం నమోదయ్యాక కౌన్సెలింగ్ లేదు, ఇంటికి అప్పగింత లేదు.

3. భర్త వాటాగా వితంతువుకు వచ్చిన ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమెదే. మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమెదే.

4. ఇచ్చే అడ్వాన్సు అందరిదీ ఒకటే అయినప్పుడు, హాలు తలుపూ అందరికీ ఒకటే.

5. గోడ మీద పేర్లు వద్దు. నోటీసు బోర్డు దిగాలి.

న్యాయవిద్యకు పేరుపడ్డ నల్సార్ విశ్వవిద్యాలయం ఉన్నది శామీర్‌పేటలోనే. అక్కడ చట్టం చదివేవారు ఈ సవరణకు ముసాయిదా రాసి ఇవ్వాలని, మేడ్చల్ శాసనసభ్యులు దాన్ని అసెంబ్లీ ముందు పెట్టాలని, అప్పటిదాకా ఏ జంట నోటీసిచ్చినా ముప్పై రోజులూ ఊరివాళ్లు వాళ్ల వాకిట్లో తోడుండాలని ఈ జంటలు కోరుతున్నాయి.