పట్టాలకు సరే, నడపడానికో?

విశాఖలోనూ, విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతంలోనూ మెట్రో సాధ్యమవుతుందో లేదో ఏడాదిలోగా చూడాలని విభజన చట్టం 13వ షెడ్యూలులో ఉంది. చూడమన్నారే గానీ డబ్బు మాట ఎత్తలేదు. 2014లో ఆ తేడాని మనం పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత సవివర ప్రాజెక్టు నివేదికల (డీపీఆర్‌ల) మీద నివేదికలు. విశాఖకు లైట్ మెట్రో అన్నారు, 76 కిలోమీటర్లన్నారు. చివరికి 2024 డిసెంబరులో మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 11,498 కోట్లని రాష్ట్ర ప్రభుత్వం తేల్చింది. ఖర్చంతా కేంద్రమే పెట్టుకోవాలని అడిగింది. అడగడంలో తప్పులేదు. అయితే కేంద్రం 2017 మెట్రో విధానంలో ఉన్నవి మూడే దారులు: ప్రైవేటు సంస్థకు గిట్టుబాటు కాని మేర పూడ్చే లోటు నిధి, పది శాతం గ్రాంటు, లేదా చెరిసగం వాటా. నూటికి నూరు అన్న గడే లేదు. పైగా నడపడంలో వచ్చే నష్టం రాష్ట్రానిదే.

నా భయమల్లా ఈ చివరి ముక్క గురించే. హైదరాబాద్ సంగతే చూడండి. 2008లో మేటాస్ సంస్థ సర్కారు పైసా ఇవ్వక్కర్లేదు, తానే ఎదురు 30,311 కోట్లిస్తానంటూ టెండరు కొట్టేసింది. ఇందులో భూముల కిటుకుందని ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. మేటాస్ యజమానుల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుప్పకూలడంతో ఆ ఒప్పందమూ పోయింది. తర్వాత ఎల్ అండ్ టీ వచ్చింది, కేంద్రం 1,458 కోట్ల లోటు నిధి ఇస్తానంది, 2017 నవంబరులో రైలు కదిలింది. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో రైలు మారి చూడండి, కాలు పెట్టడానికి చోటుండదు. అయినా నష్టాలే. 2025లో దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా దాన్ని నెత్తికెత్తుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది.

విశాఖలో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34 కిలోమీటర్ల పైచిలుకు లైను ఎక్కువగా హైవే వెంబడే పోతుంది. ఆర్టీసీ బస్సులదీ అదే దారి. 2025 ఆగస్టు 15 నుంచి ఆ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు లేదు (మంచి పథకం, నాకేం పేచీ లేదు). గాజువాకలో సిటీ బస్సు ఊరికే ఎక్కే అమ్మాయి మెట్లెక్కి, డబ్బులిచ్చి మెట్రోలో కూర్చుంటుందా? ఎండకి, ట్రాఫిక్కి విసుగెత్తి కొందరు ఎక్కుతారేమో. ఎందరన్నది లెక్క కట్టాలి. ఆమోదించిన డీపీఆర్ ఉచిత బస్సు రాకముందుది. ఢిల్లీకి మళ్లీ ఫైలు పట్టుకెళ్లేలోపు ఆ ప్రయాణికుల పట్టిక తిరగరాసి, ఏటా పడే లోటు ఏ పద్దు నుంచి కడతారో అసెంబ్లీలో చెప్పాలి.