నల్లా సరే.. పైపులో ఏముంది?

ఆలాపల్లి-సిరొంచ రోడ్డు మీది జిమల్‌గట్టలోనైనా, ప్రాణహిత అవతలి ఊళ్లలోనైనా ఇంటికి నల్లా వచ్చిందంటే సంబరమే. ఇంటింటికీ నల్లా నీరంటూ కేంద్రం 2019లో జల్ జీవన్ మిషన్ మొదలుపెట్టింది. నీళ్లు వస్తున్నాయా అని అందరూ అడుగుతారు. ఆ నీళ్లు తెచ్చే పైపును దేనితో చేశారని అడిగేవారే లేరు. అడగాల్సిందీ అదే.

పీవీసీ పొడిని దాదాపు 180 డిగ్రీల వేడిలో కరిగిస్తే గానీ పైపు కాదు. ఆ వేడికి అది రంగు మారి చెడిపోతుంది. అందుకే వేడికి తట్టుకునే స్టెబిలైజర్, మెషీన్‌కు అంటకుండా మైనం వంటివి కలుపుతారు. వీటిని విడివిడిగా తూచే పని లేకుండా, ముందే పాళ్ల ప్రకారం కలిపి అమ్మేదే 'వన్ ప్యాక్'. వంటింట్లో మసాలా ప్యాకెట్ లాంటిదన్నమాట.

ఇది మంచి పద్ధతే. తూకంలో తప్పు రాదు. పలుకులుగా వస్తే దుమ్ము లేవదు, కూలీల ఊపిరితిత్తులకూ మేలు. కానీ ప్యాకెట్లో ఏముందో కలిపినవాడికే తెలుసు. మనదేశంలో ఏళ్ల తరబడి ఇందులో వాడింది చవకగా దొరికే సీసం లవణాలే. ఆ సీసం కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది, కొత్త పైపులో మరీ ఎక్కువ. రంగు, రుచి చూసి కనిపెట్టలేం. దెబ్బ తినేది పిల్లల మెదడు. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదన్నది మన ప్రమాణం.

వేరే దారి లేదా అంటే ఉంది. కాల్షియం-జింక్ వన్ ప్యాక్‌లు వచ్చాయి. యూరప్ కంపెనీలు 2015 నాటికే సీసం స్టెబిలైజర్లు మానేశాయి. మన కేంద్ర పర్యావరణ శాఖ కూడా 2021లో పైపుల్లో సీసం స్టెబిలైజర్‌పై నిబంధనలు తెచ్చింది.

చట్టం ఢిల్లీలో ఉంది, పైపు ఊరి కాలువలో ఉంది. మధ్యలో చూసేదెవరు? పొలానికని కొన్న మార్కులేని పైపునే ఇంటి నల్లాకు బిగిస్తే ఆపేదెవరు? లారీ నుంచి పైపులు దించిన రోజే గ్రామసభ ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4985 నంబరు చూడాలి. సీసం లేదన్న పరీక్ష కాగితం కాంట్రాక్టర్ చూపాలి. అది ఇంగ్లీషులో ఉంటే తెలుగు, గోండి, మరాఠీలో చదివి వినిపించాల్సింది అధికారులే. పరీక్ష ఖర్చు పంచాయతీ నెత్తిన వేయడం న్యాయం కాదు.

మట్టి కప్పేశాక అడిగితే జవాబు చెప్పేవాడుండడు.