అభ్యంతరాలుంటే చెప్పండి అంటే ఎవరు చెప్తారు?

2025 జనవరిలో కేంద్రం వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ముసాయిదా పెట్టి అభిప్రాయాలు పంపమంది. పొద్దున లేస్తే జనాల డేటాతోనే మా టీముకి పని. ఎంతమందిమి పంపామంటారా? ఒక్కళ్ళం కూడా లేదు. నవంబరులో నిబంధనలు ఖాయమయ్యాకే చదివా.

అదే నేను 2016లో మాత్రం పంపాను. అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నా. మాది జనగామ పక్కన పల్లె. ఆ ఆగస్టు 22న కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. పాత వరంగల్ జిల్లాలోంచి మహబూబాబాద్ జిల్లా ఉంది, భూపాలపల్లి కేంద్రంగా జయశంకర్ జిల్లా ఉంది. జనగామ లేదు! అభ్యంతరాలకి 30 రోజుల గడువు, ఆన్‌లైన్లో కూడా పంపొచ్చన్నారు.

మా బాపుకి ప్రజాస్వామ్యం గురించి పెద్ద పట్టింపేం లేదు. కానీ కలెక్టరాఫీసు పనంటే హనుమకొండ దాకా బస్సు కిరాయి, ఒక రోజు పని పోవడం, సారు లేకపోతే మళ్ళీ రేపు. ఆ లెక్క ఆయనకి కంఠతా వచ్చు. నేను ఫారం నింపుతుంటే అడిగాడు, "పంపితే సదువుతరా బిడ్డా?"

"ఏమో బాపూ."

"సరే, నా పేరు మీద గూడ ఒకటి కొట్టు."

ఆ "సరే" ఎక్కడ్నించి వచ్చిందో నాకు తెలుసు. అప్పటికే జనగామలో బందులు, రాస్తారోకోలు నడుస్తున్నాయి. ఊరు ఊరంతా అడుగుతుంటే 'ఇంకా తేలలేదు, మారొచ్చు' అన్న ఆశ పుడుతుంది. పోయేదేంటో రూపాయల్లో తెలియాలి, మారుతుందన్న నమ్మకమూ ఉండాలి. ఈ రెండూ లేకుండా ఉత్త పౌర బాధ్యత అంటే ఎవడూ కదలడు, నాతో సహా.

మహబూబాబాద్ దోస్తు ఒకడు మాత్రం "మాకొచ్చేసిందిగా, ఇంకేం రాయాలి?" అన్నాడు. నిజమే, నచ్చినవాడు రాయడు. చిక్కేంటంటే తెలియనివాడూ రాయడు. బయటినుంచి చూస్తే ఇద్దరి మౌనమూ ఒకలాగే ఉంటుంది, ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలు కింద రాసుకుంటుంది. డేటా నిబంధనల విషయంలో నా మౌనాన్నీ అలాగే రాసుకుని ఉంటారు.

అక్టోబరు 11, దసరా రోజున 31 జిల్లాలు వచ్చాయి. ముసాయిదాలో లేని జనగామ, గద్వాల, సిరిసిల్ల కూడా చేరాయి. మూడు చోట్లా జనం రోడ్డెక్కారు మరి. ఫారాలు పనిచేశాయా, బందులు పనిచేశాయా అంటే నా ఓటు బందులకే.

బాపు ఒప్పుకోడు. "నా దరకాస్తు తోనే జిల్లా అచ్చింది" అని ఇప్పటికీ చాయ్ హోటల్లో చెప్తుంటాడు.